సన్నికల్లు కింద ఆరు పుస్తకాలు

జులై 7, 2025, సోమవారం

ఈ రోజు అత్తయ్య ట్రంకు పెట్టె పూర్తిగా ఖాళీ చేశాను. అడుగున ఉన్న కట్టకి చెద అంటలేదు, అదే పెద్ద అదృష్టం. మొత్తం పదకొండు సీరియళ్లు. 1971లో పెళ్లై ఈ విజయవాడ సత్యనారాయణపురం ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి అత్తయ్య వారపత్రికల్లో సీరియళ్లు చింపి, వారం వారం దొంతర పేర్చి, పాత చీర అంచుతో కట్టి దాచారు. కొన్నిటిని అప్పట్లోనే బైండు చేయించుకున్నారు. వాటిని చుట్టాలు చదవడానికి తీసుకెళ్లి తిరిగి ఇవ్వలేదు. చేయించకుండా మిగిలిపోయినవే ఈ పదకొండు.

పని మొదలుపెట్టాలనిపించడానికి కారణం పోయినేడు బుడమేరు వాగుకి వచ్చిన వరద. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ మునిగినప్పుడు అత్తయ్య చెల్లెలి ఇంట్లో నడుము లోతు నీళ్లు వారం రోజులు నిలిచాయి. ఆవిడ దగ్గరా ఇలాంటి పెట్టె ఒకటి ఉండేది. నీళ్లు తీశాక మూత తెరిస్తే లోపల ఒకటే ముద్ద. మా వీధిలోకి నీళ్లు రాలేదు. ఆ ముద్దని చూసి వచ్చిన రోజే అనుకున్నాను, మన పెట్టె సంగతి చూడాలని. అనుకుని పది నెలలైంది.

ఈ పది నెలలూ ఎక్కడికి పోయాయో తెలుసుకోవాలి. అందుకే ఈ డైరీ. నేను ఇంట్లో కూర్చుని ఫ్రీలాన్స్‌గా రాత పని చేస్తాను. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు, ప్రచురణకర్తలకు ఎడిటింగ్, ప్రూఫులు. తొమ్మిదేళ్లుగా ఇదే నా సంపాదన. ఆఫీసు లేదు కాబట్టి టైమంతా నాదే అని అందరూ అంటారు, నేనూ అలాగే నమ్మాను. ఈ వారం నోట్‌బుక్కులో మూడు గడులు గీశాను: పని, ఇల్లు, నాది. ప్రతి అరగంటా ఏదో ఒక గడిలో పడాలి. సంక్రాంతికి పదకొండు పుస్తకాలూ కుట్టాలని లెక్క.

జులై 13, ఆదివారం

వారం లెక్క వచ్చింది. రాత పని 31 గంటలు. గంటకి సుమారు 400 మాటలు, మాటకి రూపాయిన్నర. అంటే 18,600 రూపాయలు. బాగానే ఉందనుకున్నాను.

కానీ ఆ గడిలోనే మరో 11 గంటలు తేలాయి. మెయిళ్లకి జవాబులు, "ఒక్క చిన్న మార్పు" అంటూ వచ్చిన ఫోన్లు, బిల్లులు తయారు చేయడం, డబ్బు ఎప్పుడు వేస్తారని అడగడం. ఈ పదకొండులోనే ఇంకొకటి: ఒక ప్రచురణకర్త పేజీలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైలు పంపారు, అను ఫాంట్లలో. అవి పాత డీటీపీ తెలుగు అక్షరాలు. ఇప్పటి కంప్యూటర్లు చదివే యూనికోడ్‌లోకి మారిస్తే సగం వత్తులు చెదిరిపోయాయి. వాటిని ఒక్కొక్కటీ సరిచేయడానికే నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలకీ బిల్లులో లైను లేదు. 18,600ని 31తో భాగిస్తే గంటకి 600, 42తో భాగిస్తే 443. నా గంట ధర ఎంతో నాకు ఇన్నేళ్లూ తెలియదన్నమాట.

"నాది" గడిలో వారం మొత్తానికి 40 నిమిషాలు. అది కూడా శనివారం రాత్రి, సీరియళ్ల కట్టలకి నంబర్లు వేసిన 40 నిమిషాలు. రోజూ రాత్రి తొమ్మిదికి కూర్చోవాలనుకున్నాను. ఏడు రాత్రుల్లో ఆరు రాత్రులు ఆ తొమ్మిదింటి సమయం ఇంకొకరిదైంది. మా ఆయన గుడివాడ నుంచి రైలు దిగి వచ్చేసరికి ఎనిమిది. మా వాడు ఇంటర్ రెండో ఏడు, కాలేజీ నుంచి వచ్చేదీ అప్పుడే. వాళ్ల భోజనాలయ్యాక నాకు మిగిలేది టైము, శక్తి కాదు.

జులై 16

పుస్తకాల పని పొద్దున్నకి మార్చాను. ఐదున్నర నుంచి ఆరు. ల్యాప్‌టాప్ తెరవకముందే. ఒక్కసారి మెయిల్ చూస్తే ఆ అరగంట నాది కాదు.

జులై 20, ఆదివారం

వన్‌టౌన్‌లో ఒక బైండింగ్ షాపుకి వెళ్లాను. ఎప్పుడో మా వాడి నోట్‌బుక్కులు కుట్టించిన చోటే. పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. ఒక సీరియల్ కట్ట చూపించాను.

"నా దగ్గర వదిలెయ్యమ్మా, పక్క కుట్టేసి ఇస్తా, సాయంత్రానికి రెడీ."

"నేనే కుట్టుకుందామనుకుంటున్నాను బాబాయ్ గారూ. ఎలాగో చెప్తారా?"

ఆయన కళ్లజోడు పైకి తోసి కట్టని తిరగేశారు. తర్వాత గంటసేపు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అట్టకి వాడే మిల్ బోర్డు, దానిమీద అంటించే కాలికో గుడ్డ మాత్రం నాకు ఆయన దగ్గరే కొనాలనిపించింది, కొన్నాను.

నేర్చుకున్నది రాసిపెడుతున్నాను, మరిచిపోకుండా. మామూలు పుస్తకంలో ఒక పెద్ద కాగితాన్ని మడిచి 16 పేజీల ఫారం చేస్తారు. దారం ఆ మడత మధ్యలోంచి వెళ్తుంది. అందుకే పుస్తకం పూర్తిగా తెరుచుకుంటుంది. అత్తయ్య కట్టల్లో ఉన్నవన్నీ చింపిన విడి ఆకులు, మడత లేదు. పక్కనుంచి రంధ్రాలు పొడిచి కుడితే ఒక్క రోజులో అయిపోతుంది. కానీ వారపత్రికల్లో లోపలి మార్జిను అరంగుళం కూడా ఉండదు, లైన్ల చివరి అక్షరాలు కుట్టులో కూరుకుపోతాయి. పైగా న్యూస్‌ప్రింటు. చెక్క గుజ్జులోని లిగ్నిన్ తీయకుండా చేసే కాగితం అది. కాలం గడిచేకొద్దీ ఆమ్లం పెరిగి పసుపెక్కుతుంది, పెళుసవుతుంది. పక్క కుట్టు పుస్తకాన్ని బలవంతంగా తెరిస్తే ఆకు కుట్టు దగ్గరే విరిగిపోతుంది.

రెండో దారి, రెండేసి ఆకుల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో సన్నటి కాగితం పట్టీ అంటించి, ఒక మడత ఆకుగా చేయడం. అలాంటివి నాలుగు కలిపితే 16 పేజీలు, ఒక ఫారం. అప్పుడు మడతలోంచి కుట్టొచ్చు. "టైము తీసుకుంటుందమ్మా, షాపులో మాకు గిట్టదు. ఇంట్లో చేసుకునేవాళ్లకే అది" అన్నారు పెద్దాయన.

పట్టీల కోసం జపాన్ టిష్యూ అనే పల్చటి నార కాగితం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. ధర ఎక్కువే. జిగురు మాత్రం ఇంటి మైదా. ఒక కప్పు మైదాకి ఐదు కప్పుల నీళ్లు, సన్నటి మంట మీద గరిట తిప్పుతూనే ఉండాలి, పచ్చితనం పోయి మెరుపు వచ్చేదాకా. బైండర్లు ఇందులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టకుండా. నేను కలపను. అత్తయ్య వేలు నాలుకకి తడి చేసుకుని పేజీ తిప్పుతారు. 74 ఏళ్ల మనిషిని అలవాటు మానమని చెప్పలేం. మైలుతుత్తం విషం. దాని బదులు ప్రతిసారీ తాజాగా ఉడికించి, పుస్తకాల మధ్య ఎండు వేపాకు పెడతాను.

మైదా జిగురులో ఇంకో మంచి గుణం ఉంది. తడి చేస్తే ఊడి వస్తుంది. తప్పు చేస్తే దిద్దుకోవచ్చు.

జులై 27

మొదటి సీరియల్: 34 వారాలు, వారానికి రెండు ఆకులు. 68 ఆకులు, 34 జతలు. అరగంటకి ఏడు జతలు అంటించగలిగాను. అంటించిన ప్రతి జతనీ మైనపు కాగితాల మధ్య పెట్టి, పైన పీట, దాని మీద సన్నికల్లు. మిక్సీ వచ్చాక పెరట్లో మూల పడున్న సన్నికల్లుకి మళ్లీ పని దొరికింది. అత్తయ్య దాన్ని కడిగి తుడిచి తనే తెచ్చి పెట్టారు, ఎత్తొద్దని నేను అరుస్తున్నా వినకుండా.

ఈ పనికీ నా పనికీ తేడా ఇక్కడే కనిపిస్తోంది. జిగురు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. నేను అక్కడే ఉన్నా అంతే, లేకపోయినా అంతే. అరగంట అంటించి వదిలేస్తే మిగతా ఇరవై మూడున్నర గంటలూ పని దానంతటదే సాగుతుంది. రాత పని అలా కాదు. రోజులో ఏ గంట ఖాళీగా కనిపించినా అందులోకి దూరుతుంది, ఇంకో పేజీ చేయొచ్చు కదా అంటుంది.

ఆగస్టు 3

మొదటి పుస్తకం పాడైంది. పూర్తిగా కాదు, అట్ట పాడైంది.

ఫారాలు చక్కగా కుట్టాను. తొమ్మిది ఫారాలు, చివరిది సగం. దారానికి తేనె మైనం రాస్తే చిక్కు పడలేదు. వీపుకి గుడ్డ అంటించాను. అట్టలు కోసి, కాలికో వేసి, రాత్రి బరువు కింద పెట్టాను. పొద్దున తీస్తే బాగానే ఉంది. మధ్యాహ్నానికి వాన మొదలైంది, సాయంత్రానికి అట్ట అప్పడంలా వంగింది.

షాపు పెద్దాయనకి ఫోన్ చేస్తే, "నార ఎటుందో చూశావా?" అని అడిగారు. చూడలేదు. కాగితానికైనా అట్టకైనా నార ఒక దిక్కున పరుచుకుని ఉంటుంది. తడి తగిలితే నార పొడవునా పెద్దగా సాగదు, అడ్డంగా సాగుతుంది. అందుకని నార ఎప్పుడూ పుస్తకం వీపుకి సమాంతరంగా ఉండాలి. నేను అట్ట మిగులుతుంది కదా అని అడ్డంగా కోశాను. ఒక చిన్న ముక్క తడిపి చూస్తే ఏ దిక్కున చుట్టుకుంటుందో తెలిసిపోతుంది. పది సెకన్ల పరీక్ష చేయకపోవడంతో రెండు రోజుల పని పోయింది.

అట్టలు ఊడదీశాను. మైదా కాబట్టి ఊడాయి. పుస్తకం లోపలి కుట్టుకి ఏమీ కాలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. మూడు గడుల్లోనూ ఒకటే మాట: పూజ. ఆ సాయంత్రం వాయనానికి వచ్చిన పక్కింటి పిన్నిగారికి అత్తయ్య మొదటి పుస్తకం చూపించారు. అట్టలు ఇంకా వేయలేదు, బనియన్ లేకుండా నిలబడ్డ పిల్లాడిలా ఉంది. అయినా చూపించారు.

ఆగస్టు 19

మెయిల్ రోజుకి రెండుసార్లే, పదకొండింటికీ నాలుగింటికీ. బిల్లులు, డబ్బు అడగడాలు శనివారం పొద్దున మాత్రమే. మొదటి వారం భయపడ్డాను, పని ఇచ్చేవాళ్లు వేరే వాళ్లని చూసుకుంటారని. నెల గడిచింది, ఎవరూ పోలేదు. ఒకాయన మాత్రం "మీరు వెంటనే ఎత్తరేంటండీ" అన్నారు. నాలుగింటికి చేస్తానని చెప్పాను. చేశాను.

అను ఫాంట్ల ఫైలు వస్తే మార్పిడికి విడిగా గంటల లెక్కన తీసుకుంటానని ప్రచురణకర్తకి రాశాను. ఆయన ఒప్పుకున్నారు. తొమ్మిదేళ్లు అడగకపోవడమే నా తప్పు.

మొదటి పుస్తకం పూర్తయింది. ముదురు ఎరుపు కాలికో.

సెప్టెంబరు 15, సోమవారం

రెండు వారాలుగా పుస్తకాల పని లేదు. మొదటి కారణం వినాయక నవరాత్రులు, రెండో కారణం టాక్సు. ఈసారి రిటర్ను గడువుని జులై 31 నుంచి సెప్టెంబరు 15కి పొడిగించారు. పొడిగించారు కదా అని నేనూ పొడిగించాను. తీరా రెండో విడత ముందస్తు పన్ను కట్టాల్సింది కూడా ఇదే తేదీ. ముందే కోసుకున్నది పోను ఏడాది పన్ను 10,000 దాటేట్టు ఉంటే మనలాంటి వాళ్లూ జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి 15 లోపు విడతలుగా కట్టుకోవాలి.

కంపెనీలు ఫీజులో 10 శాతం ముందే పన్నుగా, టీడీఎస్ అని, పట్టుకుంటాయి. ఈ ఏప్రిల్ నుంచి ఒక్కో కంపెనీ ఏడాదికి ఇచ్చేది 50,000 దాటితేనే పట్టాలి, అంతకుముందు అది 30,000. పట్టుకున్నది, మన పేరున జమైన పన్ను చూపించే ఫారం 26ఏఎస్‌లో కనిపించాలి. పోయినేడాది ఒక చోట పట్టుకున్న మొత్తం అందులో లేదు. నాలుగు మెయిళ్లు రాశాక ఎక్కించారు. ఈ పనంతటికీ పట్టిన టైము ఏడున్నర గంటలు. ఇది "పని" గడిలోనే రాశాను. రాత కాకపోయినా, రాత లేకపోతే ఇది ఉండదు.

రెండో పుస్తకం ఫారాలు మాత్రం కుట్టి ఉన్నాయి.

సెప్టెంబరు 29, సోమవారం

మూలా నక్షత్రం. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో ఉంటారు. ఊళ్లో జనం, ట్రాఫిక్ మళ్లింపులు. తెనాలి నుంచి ఆడపడుచు కుటుంబం వచ్చింది, ఆరుగురు. తెల్లవారుజామున దర్శనానికి వెళ్లి పదకొండింటికి వచ్చాం.

ఇంట్లో పూజలో మా వాడి ఫిజిక్స్ పుస్తకం, నా ల్యాప్‌టాప్, దబ్బనం, కత్తెర, పూర్తయిన రెండు సీరియల్ పుస్తకాలు పెట్టాం. ఆ ఎర్ర అట్టల మీద అక్షింతలు పడ్డప్పుడు అత్తయ్య ముఖం చూశాను. యాభై ఏళ్ల కిందట ఆవిడ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని చదివిన కథలు అవి. మావయ్య గారికి ఆవిడ పత్రికలు చదవడం ఇష్టం ఉండేది కాదని ఆ సాయంత్రం మొదటిసారి చెప్పారు. పత్రిక పక్కింటి నుంచి వచ్చేదట, చదివి శనివారానికి తిరిగి ఇచ్చేయాలి. తర్వాత పాతపేపర్లకి వేసేటప్పుడు పక్కింటావిడే సీరియల్ ఆకులు చింపి ఇచ్చేవారట. అంటే ఈ కట్టలు ఇద్దరి పని.

అక్టోబరు 12

మూడో సీరియల్‌లో 17వ వారం లేదు. 16లో అమ్మాయి ఇల్లు వదిలి వెళ్లిపోతుంది, 18లో రాజమండ్రిలో టీచరుగా ఉంటుంది. మధ్యలో ఏమైందో లేదు.

వరసగా రెండు ఆదివారాలు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులన్నీ తిరిగాను. కాలవ గట్టు పక్కన, ఎండలో. పాత వారపత్రికలు దొరికాయి, ఆ వారానిది దొరకలేదు. ఒక షాపాయన నా నంబరు రాసుకున్నారు. మూడో ఆదివారం లైబ్రరీలో అడిగాను, ఆ ఏడాది సంపుటంలోనూ ఆ సంచిక లేదు.

వెతుకుతూ ఒక సంగతి గమనించాను. చింపిన ఆకుల వెనక పేజీల్లో సీరియల్ ఉండదు కదా, ఇంకేదో ఉంటుంది. సగం కథ, సగం పాఠకుల ఉత్తరం, సబ్బు ప్రకటన, గోంగూర నిల్వ పచ్చడి పెట్టే పద్ధతిలో చివరి నాలుగు లైన్లు. బైండు చేసేటప్పుడు వాటిమీద తెల్ల కాగితం అంటించేద్దామనుకున్నాను, శుభ్రంగా ఉంటుందని. అత్తయ్య వద్దన్నారు. "ఆ పచ్చడి నేను పెట్టాను అమ్మాయ్. మొదటి భాగం గుర్తుంది, చివరిది దీన్ని చూసి చెప్పగలను." తెల్ల కాగితం అంటించలేదు.

అక్టోబరు 18

ఆగస్టులో ఇచ్చిన ఒక శిక్షణ పుస్తకం అనువాదం, 42,000 రూపాయలు, ఇంకా రాలేదు. వాళ్ల మేనేజరు మారారట. ఈ టెన్షన్‌తో రెండు రోజులు పొద్దున అరగంట కూడా కూర్చోలేకపోయాను. కూర్చున్నా చేతులు జిగురులో, మనసు బ్యాంకు మెసేజీలో. పండక్కి ఖర్చు ఉంది, మా వాడి ఫీజు ఉంది.

చిన్న సంస్థగా నమోదయ్యే ఉద్యం రిజిస్ట్రేషన్ చేసుకున్నాను. ఆధార్, పాన్ ఉంటే చాలు, రుసుము లేదు. చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో ఇవ్వాలని ఎంఎస్ఎంఈ చట్టం చెప్తుంది. పాత బిల్లుకి ఇది అక్కరకొస్తుందని అనుకోను, ముందు రాబోయే వాటికి. ఇక మీదట ప్రతి బిల్లు మీదా ఆ నంబరు, గడువు తేదీ ఉంటాయి. రెండు నెలల ఇంటి ఖర్చు విడి ఖాతాలో ఉండేదాకా పెద్ద పని అడ్వాన్సు లేకుండా ఒప్పుకోను.

అక్టోబరు 29, బుధవారం

నిన్నంతా మొంథా తుపాను. రాత్రి నరసాపురం వైపు తీరం దాటింది. ఇక్కడ వాన, గాలి. ఏడింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ తొమ్మిదిన్నర దాకా నిలిచింది. ల్యాప్‌టాప్ ఆగిపోయింది, ఇవాళ ఇవ్వాల్సిన 3,000 మాటలు ఆగిపోయాయి. అవతలి వాళ్లకి ఫోన్‌లోంచి రాశాను, తుపాను, రేపు ఇస్తానని. సరేనన్నారు.

అత్తయ్య మంచం మీద, నేను కింద చాప మీద. ఎమర్జెన్సీ లైటు. "ఆ పదిహేడో వారం మీకు గుర్తుందా అత్తయ్యా?" అని అడిగాను. కథంతా చెప్పారు. అమ్మాయి తెల్లవారుజామున ఇల్లు దాటడం, రేవు దగ్గర ముసలావిడ పెట్టిన చద్దన్నం, లాంచీలో పక్కన కూర్చున్న టీచరమ్మ. నేను నోట్‌బుక్కులో రాసుకుంటూ పోయాను. పన్నెండు పేజీలు. అంత వేగంగా చేత్తో రాసి చాలా ఏళ్లయింది, వేళ్లు నొప్పి పుట్టాయి.

ఇవాళ పొద్దున 18వ వారం తీసి చూస్తే అందులో అమ్మాయి రైల్లో వచ్చినట్టుంది. స్టేషన్లో దిగిన సంగతి స్పష్టంగా ఉంది. అత్తయ్యకి చూపించాను.

"రైలేంటి? లాంచీలోనే వెళ్లింది. నాకు బాగా గుర్తు."

"ఇక్కడ స్టేషన్ అని ఉంది చూడండి."

"వాడు తప్పు రాశాడు."

ఎవరి పుస్తకమైనా ఎడిట్ చేసేటప్పుడు ఇలాంటిది కనిపిస్తే నేను వదలను. పక్కన గుర్తు పెట్టి ప్రశ్న రాస్తాను. అది నా వృత్తి. ఇక్కడ మాత్రం లాంచీ అలాగే ఉంచాను. అత్తయ్య చెప్పినట్టే మంచి కాగితం మీద తిరగరాసి, 16కీ 18కీ మధ్య కుట్టాను. ఆమ్లం లేని కాగితం, నల్ల సిరా. పైన "17వ వారం" అని, కింద అత్తయ్య సంతకం.

నవంబరు 9

42,000 వచ్చింది, టీడీఎస్ పోను 37,800 (ఈ ఏడాది వాళ్ల పనులన్నీ కలిపి 50,000 దాటాయి). కార్తీక పౌర్ణమి వెళ్లాక. అందులోంచి 20,000 విడి ఖాతాలో వేశాను.

నవంబరు 23

జనవరి మొదట్లో పుస్తక ప్రదర్శన ఉంటుంది కాబట్టి విజయవాడ ప్రచురణకర్తలందరికీ ఇప్పుడే తొందర. కొత్త పుస్తకాలు అప్పటికి స్టాల్లో ఉండాలి. ఏటా నవంబరు, డిసెంబరుల్లో నాకు పగలూ రాత్రీ తేడా ఉండదు. పోయినేడు ఈ రెండు నెలల్లో మూడు పుస్తకాలు చేసి, సంక్రాంతికి జ్వరంతో పడుకున్నాను.

ఈసారి మూడు వచ్చాయి, రెండు ఒప్పుకున్నాను. మూడోది ఒక ప్రయాణ అనుభవాల పుస్తకం, రాసినాయన మంచి రచయిత, నాకు నిజంగా చేయాలని ఉంది. వద్దని చెప్పడానికి పూటంతా పట్టింది. నాలుగైదు లైన్ల మెయిలు ఆరుసార్లు తిరగరాశాను. జనవరి తర్వాతైతే చేస్తానని రాశాను. వాళ్లు వేరే వాళ్లకి ఇచ్చారు. ఇప్పటికీ బాధగానే ఉంది.

పొద్దున అరగంట మాత్రం వదల్లేదు. కొన్ని రోజులు పదిహేను నిమిషాలే, మూడు జతలే. నాలుగో పుస్తకం బరువు కింద ఉంది.

డిసెంబరు 7

ఐదోది అయింది. దీన్ని మా వాడు కుట్టాడు, రెండు ఫారాలు. ఆదివారం స్టడీ అవర్స్‌కి ముందు. లెక్కలు చేసి చేసి తల వేడెక్కింది, ఇటివ్వమ్మా అని తనే తీసుకున్నాడు. ముడి సరిగ్గా పడలేదు, నేను విప్పి మళ్లీ వేయలేదు.

డిసెంబరు 28, ఆదివారం

సంక్రాంతికి పదకొండు కావు. ఆరు అయ్యాయి, అంతే. ఇంకో ఐదు కట్టలు ట్రంకులో వేపాకు మధ్య ఉన్నాయి.

వారం లెక్క చివరిసారి వేశాను: రాత పని 28 గంటలు, మెయిళ్లూ బిల్లులూ 5, నాది నాలుగున్నర. మాటకి ధర కొత్త పనులకి 1.80 చేశాను. డబ్బు జులై కంటే తగ్గలేదు.

అత్తయ్య రెండో పుస్తకం మళ్లీ చదువుతున్నారు. పేజీ తిప్పేటప్పుడు వేలు నాలుకకి తాకుతూనే ఉంది.

ఆరో పుస్తకం సన్నికల్లు కింద ఉంది, రేపు సాయంత్రం తీయాలి. ఏడో సీరియల్‌లో 52 ఆకులు, అంటే 26 జతలు. జపాన్ టిష్యూ రెండు షీట్లే మిగిలింది, ఆర్డర్ పెట్టాలి. రేపు పొద్దున మైదా ఉడికించాలి.